డొల్లగా మోగే కాయలు

కట్టుకు 24 రోజులు

కాయలు 611. దిగిన నీళ్ళు 1,858 సోలలు. మనుషులు 305. తలకు ఆరు సోలలు ఇచ్చాక మిగిలింది తొట్టిలో పోశాం. గాలి దక్షిణం. పోటు మోకాలి పైదాకా.

పదిహేడో చెట్టు మీది పెద్ద కాయ ఒకటి పడవ గెడ తగిలి పగిలింది. గెడ వేసింది సూరన్న. "చూసుకోలేదు మావా" అన్నాడు. నేను వంగి ముక్కలు ఏరుతుంటే అతనే ఏరి ఇచ్చాడు. కాయ లోపల చూస్తున్నాను.

రాలిన కాయల్ని ఇదివరకు విప్పి చూశాను. నడుమ బొటనవేలు దూరేంత గది ఉంటుంది. అందులో నారింజరంగు పురుగు ఒకటే ఉంటుంది. ఈ కాయలో గది లేదు. నడుమ అంతా ముదురు కొబ్బరిలా గట్టిగా పూడిపోయింది. ఆ గుజ్జులో బియ్యపు గింజంత గూళ్ళు ఎనిమిది. గూటికొక తెల్ల పురుగు. నారింజ పురుగు తోలు మాత్రం ఒక పక్కన, ఎండి, అంటుకుని ఉంది.

ముక్కలు పారేయలేదు. గంపలో వేసి పైన చీర గుడ్డ కట్టాను. రేపటి లెక్క 610తో మొదలవుతుంది.

కట్టుకు 22 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,855.

వరాలుతో మూడు వరసలు గుచ్చాను. వరాలు నా భార్య చెల్లెలు. మా ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయినా నా వంట సంగతి అడిగేది ఈమే.

"బావా, పొద్దున్నించీ నువ్వు ఆడిన మాటలు మూడు. అందులో రెండు అంకెలు."

"మూడోది?"

"జరుగు అన్నావు."

నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికి పోతుందో తెలియదు గనక కొంచెం వివరంగా రాస్తున్నాను. కాయ అంటున్నాం గానీ ఇది పూసి కాసింది కాదు. మడచెట్టు ఆకుమొగ్గ విచ్చకముందే తల్లీగ దాని మీద గుడ్డు పెట్టి, ఆవగింజలో సగం ద్రవం వదులుతుంది. దాంతో మొగ్గ తన పని మరిచిపోతుంది. ఆకు కావలసినదంతా గోడ అవుతుంది. లోపలి పొర మెత్తబడి పురుగుకు తిండి, నడిమి పొర నీళ్ళు పట్టే స్పంజి, పై పొర చెక్క. పురుగు బతికి ఉన్నన్నాళ్ళూ చెట్టు ఆ కాయకు అన్నీ పంపుతుంది. పురుగు చస్తే ఆపేస్తుంది. సముద్రపు ఉప్పు వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది గనక పైకి వచ్చేది తాగే నీరు. మేం నడిమి పొరలోకి ఈతముల్లు గుచ్చి గొట్టం పెడతాం. గది జోలికి పోకూడదు. మా పనితనమంతా అంతే. గుచ్చిన కాయలో పురుగుకు బతకడానికి చాలుతుంది, రెక్కలు రావడానికి చాలదు. అందుకే కట్టు రోజున కొమ్మలకు కట్టే విత్తన కాయల్ని గుచ్చం.

గుచ్చే ముందు కాయను వేలి కణుపుతో మూడుసార్లు తట్టాలి. లోపలివాణ్ణి లేపి పక్కకు జరగమనడం అంటారు. వరాలు ఒక్క కాయకూ మానదు.

కట్టుకు 19 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,856.

గంపలో నల్లపురుగులు ఎనిమిది రెక్కలతో బయటికి వచ్చాయి. కందిరీగ ఆకారం, చీమంత ఒళ్ళు. తల్లీగ ఒక్కటీ లేదు.

లేత మొగ్గలున్న కొమ్మను ఒకదాన్ని గుడ్డసంచిలో బిగించి నాలుగింటిని అందులో వదిలాను. రోజంతా మొగ్గల మీద నడిచాయి. ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. మిగతా నాలుగింటిని నిమ్మకాయంత కాయ ఉన్న కొమ్మ మీద అలాగే బిగించాను. నేను ముడి వేసేలోపే ఒకటి కాయ తొడిమ దగ్గర తోక దించింది.

ఇవి కాయను మొదలుపెట్టలేవు. ఇంకొకరు కట్టిన కాయలోనే దూరగలవు.

అవి కుట్టినచోట సన్నటి నల్లచుక్క పడింది. ఆ చుక్కలు నాకు కొత్త కాదు. సముద్రం మధ్య మా దిబ్బ మీద వాటిని ఉప్పు చుక్కలంటాం, పోటు నీళ్ళు ఎగిరిపడి చెక్క కాలిందనుకుంటాం. నేనూ అలాగే రాస్తూ వచ్చాను.

కట్టుకు 17 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,854.

పాత పుస్తకాలు దించాను. తోట నా చేతికి వచ్చిన ఏడు ఇదే నెల, ఇదే వారం: కాయలు 930, చుట్టుకొలత కొలతాడు మీద సగటున పద్దెనిమిది ముడులు, నీళ్ళు 1,860. ఈ ఏడు కాయలు 610, ముడులు ఇరవై తొమ్మిది, నీళ్ళు 1,854.

పంతొమ్మిదేళ్ళూ వరసగా చూశాను. కాయలు ప్రతి ఏడూ తగ్గాయి. ప్రతి ఏడూ పెద్దవయ్యాయి. నీళ్ళు కదల్లేదు. సాయంత్రం అరుగు మీద నిలబడి జనానికి నేను చదివేది నీళ్ళ లెక్క ఒక్కటే.

విత్తనం ఎంచేది కూడా నేనే. ముడుల తాడుతో కొలిచి, ఉన్నవాటిలో పెద్దవి నలభై. ఏ ఇంటి పేరున ఉన్న చెట్టు కాయ ఆ నలభైలోకి ఎక్కితే ఆ ఇంటి పేరు గట్టిగా పిలుస్తాం. కట్టు రోజు వాటిని కోసి చిగురు కొమ్మలకు కడతాం. ఆ పొద్దు నుంచి తొమ్మిది రోజులు తోట మూత. మనిషి వాసనకు ఈగలు బెదిరి సముద్రం మీదికి పోతాయని పెద్దలు పెట్టిన నియమం. కాబట్టి ఆ నలభై కాయల్లోంచి ఏం బయటికి వస్తోందో ఈ దిబ్బ మీద ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

నేనూ చూడలేదు.

కట్టుకు 16 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,855.

వరాలుకు గంప చూపించాను. చెప్పాల్సింది చెప్పాను. ఆమె ఎండిన తోలును గోటితో గీకి చూసింది.

"మా దిబ్బలో ఆఖరి ఏడు కాయలు ఇంకా పెద్దవి బావా" అంది. "డప్పులంత. మా నాన్న ఒకదాన్ని భుజం మీద పెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఆ పైఏడు తోటంతా ఆకులే. ఎంత పచ్చగా ఉందో. కాయ లేదు."

వరాలు పుట్టిన పడమటి దిబ్బ ఖాళీ అయిన సంగతి అందరికీ తెలుసు. తొమ్మిది పడవలు బయలుదేరితే అవతల పెద్ద గట్టు మీది ఊళ్ళ వాళ్ళు దిగనివ్వలేదు. తిరిగి మా దిబ్బకు చేరినవి నాలుగు. వరాలు, మా ఆవిడ ఒకే పడవలో వచ్చారు. కాయల సంగతి మా ఆవిడ నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం.

"ఈ చుట్టం పురుగు మాకూ వచ్చిందేమో" అంది వరాలు. "చుట్టమే మరి. ఇల్లుగలోణ్ణి చంపి ఇల్లు పెద్దది చేసుకుంటది."

మళ్ళీ అంది. "కాయలు మూగబోయినయ్ బావా. ఓ అయిదారేళ్ళయింది. చిన్నప్పుడు తడితే డబ్బుమని పలికేవి. ఇప్పుడు పెద్దవి తడితే గోడను తట్టినట్టుంటది. చెప్దామనుకున్నా. నువ్వు అంకెలు అడుగుతావు గానీ ఇదెప్పుడు అడిగావు?"

లోపల గది ఉంటే డొల్లగా మోగుతుంది. పూడిపోతే మోగదు.

కట్టుకు 15 రోజులు

ఇద్దరం 610 కాయలూ తట్టాం. ఆమె తట్టడం, నేను రాయడం.

డొల్ల 187. మూగవి 423.

విత్తనానికి నేను ఎర్రదారం కట్టిన నలభైలో డొల్లవి నాలుగు.

కట్టుకు 14 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,856.

ఎల్లాయమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. దిబ్బకు ఆమె పెద్ద. ఈ చెట్లు నాటిన వాళ్ళలో ఆమె తండ్రి ఒకడు. వల అల్లుతూ విన్నారు.

"నీళ్ళు తగ్గినయ్యా?"

"లేదండి."

"మరేంటి నీ బాధ?"

"వచ్చే ఏడు అరవై కాయలు కూడా రావండి."

"ఒక్క పగిలిన కాయ చూసి చెప్తన్నావా?"

"లెక్క చూసి."

"నూకరాజూ, నువ్వు మంచోడివి. కానీ పెద్ద కాయను వదిలి చిన్నదాన్ని విత్తనం పెడదామని ఈ జనంతో నేనెలా చెప్పనయ్యా? పెళ్ళిచూపుల్లో గుడ్డిదాన్ని ముందు నిలబెట్టినట్టుంటది."

లేచి వచ్చేశాను. వరాలు గుమ్మంలోనే పట్టుకుని తిట్టింది. "నాలుగు మాటలాడి లేచొచ్చావా? నీ నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయనా?"

కట్టుకు 10 రోజులు

మళ్ళీ తట్టాం. డొల్ల 174. అయిదు రోజుల్లో పదమూడు పోయాయి. మూగ కాయల్లోంచి చుట్టాలు వస్తూనే ఉన్నాయి, మంచివాటిలో దూరుతూనే ఉన్నాయి.



ఇంకా గుచ్చని చిన్న డొల్ల కాయల్ని, చుట్టాలు దూరకుండా, సంచుల్లో బిగించడానికి గుడ్డ కావాలి. నా పంచెలు రెండూ చింపాను. వరాలు మా ఆవిడ చీరలు పెట్టె తీసి ఇచ్చింది. ముప్పై ఆరు కాయలకు వచ్చాయి.

కట్టుకు 7 రోజులు

డొల్ల 161.

ఎల్లాయమ్మ గారి ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి మూడు అంకెలు మాత్రం చెప్పాను. 187, 174, 161. ఆమె వల కిందపెట్టారు. రేపు మధ్యాహ్నం చేపల అరుగు మీదికి అందరినీ పిలుస్తానన్నారు.

కట్టుకు 6 రోజులు

కాయలు 610. నీళ్ళు 1,853.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అరుగు నిండింది. పుస్తకం తెరిచి రెండు వరసలు చదివాను, కాయలవీ నీళ్ళవీ. మొదట లేచింది సూరన్న.

"మావా, రోజూ సాయంత్రం ఇక్కడే నిలబడి నీళ్ళ లెక్క చదివేది నువ్వే కదా? పద్దెనిమిది వందల యాభై, పద్దెనిమిది వందల అరవై. నేను మీసం రానప్పట్నించీ ఇదే పాట. ఇప్పుడు తోట చచ్చిపోతందంటే ఎట్టా నమ్మమంటావ్?"

"చదివిన లెక్క తప్పు కాదు" అన్నాను. "ఇంకో లెక్క చదవలేదు. ఆ తప్పు నాది."

"మా అమ్మ పేరు పిలవక ఏడేళ్ళయింది. ఈ ఏడు తొమ్మిదో చెట్టు కాయకి ఎర్రదారం కట్టావు. ఇప్పుడు అదీ పనికిరాదంటావు."

సూరన్న తల్లి పోలమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. అరుగు మీదికి రాలేదు.

వెనక నుంచి ఎవరో "పెద్దవీ కట్టండి, ఆయన చిన్నవీ కట్టండి, గొడవుండదు" అన్నారు. చాలామంది తలలూపారు. అది అన్నిటికంటే చెడ్డ సలహా అని చెప్పాను. పెద్దవాటిలోంచి వచ్చేవే చిన్నవాటి మీద పడతాయి.

ఎల్లాయమ్మ గారు లేచారు. "తోటకి పదండి" అన్నారు. "దారం కట్టిన కాయలు కోద్దాం. నువ్వు తట్టు. కత్తి పడకముందే లోపలేముందో చెప్పు. ఒక్కటి తప్పినా ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు."

విత్తన కాయను కోయడం ఈ దిబ్బ మీద ఎప్పుడూ జరగలేదు. ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

వరాలు తట్టింది, నేను చెప్పాను. మూగ, కోశారు, తెల్లవి పదకొండు. మూగ, తెల్లవి తొమ్మిది. మూగ. మూగ. మూగ. ఆరోది ఎల్లాయమ్మ గారి చెట్టుది, ఈ ఏటి కాయలన్నిటిలోకీ పెద్దది. కత్తి ఆమే తీసుకుని రెండుగా చీల్చారు. పద్నాలుగు.

ఏడోది డొల్లగా మోగింది.

"ఇది మంచిది" అన్నాను. "దీన్ని కొయ్యొద్దు."

"ఇదే కొయ్యాలి" అన్నాడు సూరన్న. "ఆరింటికీ ఒకే మాట చెప్పావు. పెద్దవాటన్నిట్లో అవే ఉంటే నీ తట్టుడుతో పనేముంది? ఇది కూడా చూపించు."

అతని మాటలో న్యాయం ఉంది. పక్కకు జరిగాను. సూరన్నే కోశాడు. నడుమ గది నున్నగా ఉంది. అందులో నారింజ పురుగు, దాదాపు ఎదిగింది, ఎండ తగలగానే ముడుచుకుంది. సూరన్న అరచేత్తో నీడ పట్టాడు. ఆ చెయ్యి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

డొల్ల 160.

అప్పుడు మిగతాది చెప్పాను. మూగ కాయలు ఇంకా 443 ఉన్నాయి. వాటిని చెట్ల మీద ఉంచితే కట్టులోపే, కట్టయ్యాకా చుట్టాలు వస్తూనే ఉంటాయి. అన్నీ ఈ రెండు రోజుల్లో దించాలి. అవే మనం ఇప్పుడు తాగుతున్న నీళ్ళు. 160లో విత్తనానికి నలభై పోతే మిగిలేవి 120, రోజుకు 240 సోలలు. తొట్టిలోంచి 370 తీస్తే మనిషికి రెండు సోలలు వస్తాయి. ఆరు కాదు, రెండు. తొట్టి నలభై అయిదు రోజులు వస్తుంది. ఆలోగా వాన పడాలి.

"పడకపోతే?" అని ఎవరో అడిగారు.

దానికి నా దగ్గర లెక్క లేదని చెప్పాను.

ఆ తర్వాత చాలా అరిచారు. నేను గాడిదనని, చెట్లకు చేతబడి చేశానని, నా పుస్తకాలు తగలబెట్టాలని. వరాలు ఒక్కొక్కరికీ జవాబిచ్చింది, కొన్ని జవాబులు రాయకూడనివి. చివరికి ఆమె "పడవలో నా తమ్ముడు ఆఖర్న నా చెయ్యి చీకాడు, తడి ఉంటుందేమోనని" అంది. గొంతు ఎత్తకుండానే అంది. ఆమెకు తమ్ముడొకడు ఉండేవాడని నేను ఈరోజు వరకు వినలేదు.

ఎల్లాయమ్మ గారు కత్తి మళ్ళీ చేతికి తీసుకున్నారు. "నా చెట్టుతో మొదలెడతన్నా" అన్నారు.

కట్టుకు 4 రోజులు

మూగ కాయలు దించడం అయింది. పిండిన నీళ్ళు తొట్టికి పోశాం. పిప్పి, పురుగులతో సహా, పాత పడవలో వేసి ఉప్పునీళ్ళు నింపి ముంచాం.

443 ఉండాలి. పడవలోకి ఎత్తేటప్పుడు 442 వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టే వీలు లేకపోయింది, అప్పటికే ముంచారు. నేనే ఒకటి తప్పి ఉంటాను.

ఇంటింటికీ వెళ్ళి అడగాలి. అడగలేదు. మొన్న నన్ను తిట్టినవాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఒక కాయ దాచారా అని ఎలా అడగను?

కట్టు రోజు

కట్టినవి 40. అన్నీ చిన్నవి, డొల్లవి. ఎవరి పేరూ పిలవలేదు. మూత రోజుల్లో తోటలో కూర్చోవడానికి ఎల్లాయమ్మ గారు నాకొక్కడికే ఒప్పుకున్నారు. పొగ తాగకూడదు, తడవని బట్ట కట్టకూడదు అన్నారు. తడవని బట్ట ఎందుకు కట్టకూడదో ఆమెకూ తెలియదు.

నీళ్ళు 610 సోలలు. మనిషికి రెండు.

కట్టు తర్వాత 3

పొద్దు పొడిచాక మొదటి ఈగ బయటికి వచ్చింది. కాయ చెక్కకు లోపలి నుంచి కన్నం పెట్టుకుని తల బయటపెట్టి, అలాగే చాలాసేపు ఉంది. నారింజ నడుము, పొడుగాటి కాళ్ళు, దోమ కంటే నీరసంగా ఉంది. గాలి ఆగాక ఎగిరింది. ఎక్కడికీ పోలేదు. నా మోకాలి మీద వాలి, అక్కణ్ణుంచి పక్క కొమ్మ మొగ్గ మీదికి నడిచింది.

మనిషి వాసనకు బెదరలేదు.

నాలుక పిడచగట్టుకుపోతోంది. రాసిన అక్షరాలు నాకే వంకరగా కనిపిస్తున్నాయి.

కట్టు తర్వాత 9

మొత్తం ఈగలు 34. నల్లవి లేవు. పొద్దున్నించి సాయంత్రం దాకా కొమ్మకొమ్మా చూశాను. లేవు.

దిబ్బలో ఇద్దరు పిల్లలకు విరేచనాలు. వాళ్ళకు తలకు నాలుగు సోలలు ఇస్తున్నాం. మబ్బు లేదు.

కట్టు తర్వాత 11

నాలుగో వరసలో ఒక మొగ్గ విచ్చలేదు. కొస లావెక్కింది. ఆవగింజంత. దాని పక్కన మరో రెండు. కాయలు పట్టాయి.

మూడో మొగ్గ మీద చుట్టం పురుగు ఉంది.

తోక దించబోతుండగా వేళ్ళతో నలిపేశాను. ఇది గాలికి వచ్చింది కాదు. చుట్టుపక్కల ఉప్పునీళ్ళు తప్ప ఏమీ లేదు. 443కి 442 వచ్చాయి, ఆ ఒక్కటి.

నలిపినదాన్ని ఆకులో పెట్టుకుని దిబ్బలోకి నడిచాను. వరాలు వెంట వచ్చింది. ఆరో ఇంటి ముందు అడగకుండానే తెలిసింది. సూరన్న గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు, వల లేదు, గెడ లేదు, చేతిలో ఏ పనీ లేదు.

"మావా" అన్నాడు.

లోపల మంచం మీద నుంచి పోలమ్మ పిలిచింది. "రానియ్యరా. ఆయనొత్తాడని మూడు రోజుల్నించీ చెప్తన్నానా లేదా?"

కాయ మంచం కింద, చేపల బుట్ట బోర్లించి, గొట్టంతో సహా ఉంది. తొమ్మిదో చెట్టుది. ఎర్రదారం ఇంకా ఉంది.

"జొరం మనిషి రెండు సోలలతో బతుకుద్దా?" అన్నాడు సూరన్న నా వెనక నుంచి. "లెక్కలోడివి కదా. చెప్పు."

"బతకదు" అన్నాను.

"మరి?"

"నా రెండింట్లో ఒకటి రోజూ ఇక్కడికి పంపిస్తాను."

"నాదీ ఒకటి" అంది వరాలు. "నోరు తగ్గించుకుంటే దాహం తగ్గుద్దంట. ఎలాగూ చెప్తన్నారు కదా అందరూ."

పోలమ్మ నవ్వబోయి దగ్గింది. "తీసుకుపో నాయనా. నీళ్ళు కూడా చేదెక్కినయ్. వీడు బాధపడతాడని తాగుతన్నాను."

కాయ బయటికి తెచ్చి ఎండలో తిప్పి చూశాను. చెక్కకు కన్నాలు నాలుగు. మిగతా గూళ్ళు ఇంకా మూసి ఉన్నాయి. ఉప్పునీళ్ళ కుండలో ముంచి పైన రాయి పెట్టాను.

నాలుగులో ఒకటి చచ్చింది. తోటలో మూడున్నాయి.

కట్టు తర్వాత 12

కాయ పట్టిన మొగ్గలు 17.

సూరన్న పొద్దున్నే తోట అంచున నిలబడి ఉన్నాడు. మూతరోజులు దాటాయి, అయినా లోపలికి రాలేదు. "ఏ వరస చూడను?" అని అడిగాడు. అయిదోది చూపించాను. నల్లది మొగ్గ మీదికి ఎలా నడుస్తుందో, తోక ఎలా దించుతుందో చెప్పాను. ఈగను పొరపాటున నలపకూడదని రెండుసార్లు చెప్పాను.

మధ్యాహ్నానికి అతను ఒకటి పట్టాడు. పొద్దువాలే వేళకు నేనొకటి. అతను పట్టింది నాకు తెచ్చి చూపించి, చూడమని చాలాసేపు అరచెయ్యి అలాగే చాపాడు.

మూడోది దొరకలేదు.

కట్టు తర్వాత 13

కాయ పట్టిన మొగ్గలు 41. మూడోది కనిపించలేదు. పోలమ్మకు జ్వరం తగ్గలేదు, పెరగలేదు. పిండి పోసిన నీళ్ళు కలిసి తొట్టి ఇంకా ముప్పై ఆరు రోజులు వస్తుంది.

కట్టు తర్వాత 14

మొగ్గలు 66. తూర్పున సన్నగా మబ్బు కట్టి చెదిరిపోయింది.

సూరన్న, నేను పక్కపక్క వరసల్లో నడుస్తున్నాం. పొద్దున్నించీ అతను ఒకే మాట తిప్పితిప్పి అడిగాడు.

"అది చచ్చిపోయుంటది కదా మావా? ఇన్ని రోజులు బతుకుద్దా?"

"బతకొచ్చు. ఈలోగా గుడ్లు పెట్టి ఉండొచ్చు."

"ఎందులో?"

"తెలియదు."

"ఎప్పుడు తెలుత్తది?"

"తడితే మోగేంత అవ్వాలి. రెండు నెలలు."

అతను ఆగిపోయాడు. వరసలో అటూ ఇటూ చూశాడు. ఆవగింజలంత, పెసరగింజలంత ఆకుపచ్చ కొసలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"రెండు నెలలూ ఏం చేత్తాం?"

"ప్రతి కొసా చూడాలి. తొడిమ దగ్గర నల్లచుక్క కనిపిస్తే తెంపేయాలి. మంచిదో చెడ్డదో తెలియకపోయినా తెంపేయాలి."

"రోజూనా?"

"రోజూ."

సూరన్న టోపీ ముందుకు లాక్కుని తన వరస మొదటికి వెళ్ళాడు. నేను చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఒక సోలతో ఇంతకంటే నడవలేకపోతున్నాను. అతను ఒక్కో కొమ్మా వంచి, కొసను తాకకుండా వేళ్ళ మధ్య పట్టి, తొడిమ చుట్టూ తిప్పి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. రెండు కొసల దగ్గర ఆగి, చాలాసేపు చూసి, తెంపి ఉప్పునీళ్ళ డబ్బాలో వేశాడు.

ఎండ నెత్తికి వచ్చేసరికి తిరిగొచ్చాడు.

"అరవై నాలుగు" అన్నాడు. "రాసుకో మావా."

అరవై నాలుగు అని రాశాను. లేచి మళ్ళీ లెక్కపెట్టలేదు.